బెకీ అర్జీతో హారిస్‌బర్గ్ దాకా

నేను అమెరికా వెళ్ళొచ్చానని తెలిసి పలకరించడానికి వచ్చిన అమలాపురం వాళ్ళంతా మేడల గురించి, మంచు గురించి అడిగారు. నేను మాత్రం అందరికీ మొదట చెప్పింది ఒకటే: ఆ దేశంలో దరఖాస్తుల్లో తండ్రి పేరు అడగరు. విన్నవాళ్ళు "అవునా" అని కాఫీ తాగి వెళ్ళిపోయారు. మా ఆఫీసు హెడ్డు గుమాస్తాగారు ఒక్కరే కుర్చీ ముందుకు లాక్కుని, "మరి మనిషిని ఎలా పోల్చుకుంటారండీ?" అని అడిగారు. తాలూకా ఆఫీసులో ఇరవై ఆరేళ్ళు గుమాస్తాగిరీ వెలగబెట్టినదాన్ని కాబట్టి అక్కడ నాకూ ముందు తోచిన ప్రశ్న అదే. ఆ ప్రశ్న వెంట నేను మూడు రోజులు వ్యానులో తిరిగాను. ఆ సంగతే ఇక్కడ రాస్తున్నాను.

ఈరీ: బయలుదేరక ముందు

మా చెల్లెలు వసుంధర పిల్లల డాక్టరు. అరవైల చివర్లో వెళ్ళి, పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఈరీ అనే ఊళ్ళో స్థిరపడింది. పేరుకి సరస్సు ఒడ్డే గానీ, ఆ సరస్సుకి అవతలి గట్టు కనపడదు. ఎనభైల మొదట్లో మూడు నెలలు సెలవు పెట్టి దాని దగ్గరికి వెళ్ళాను. మొదటి రెండు వారాలు కిటికీలోంచి ఉడతల్ని చూస్తూ కూర్చున్నాను. అవి మన ఉడతలకి మూడింతలుంటాయి, వీపు మీద చారలు లేవు. మూడో వారానికి ఉడతలకీ నాకూ ఒకరంటే ఒకరికి విసుగొచ్చింది.

అప్పుడు వసు అడిగింది. "అక్కా, హారిస్‌బర్గ్ వెళ్ళాలి, వస్తావా? స్టేట్ క్యాపిటల్. మధ్యలో రెండు చోట్ల స్టే చేస్తాం."

"ఎవరెవరమే?"

"నా పేషెంట్ ఒక పాప, బెకీ అని. వాళ్ళ అమ్మానాన్నా, నేనూ. వాళ్ళ వ్యాన్‌లోనే వెళ్తున్నాం."

డాక్టరు, రోగి కుటుంబం ఒకే బండిలో ఊరేగడమేమిటని అడిగాను. వసు స్టవ్ కట్టేసి వచ్చి కూర్చుని చెప్పింది. "వియత్నాం వార్‌లో అడవుల మీద ఒక మందు స్ప్రే చేశారక్కా, ఆకులు రాలిపోయి శత్రువులు కనపడాలని. ఆ మందు తగిలిన సోల్జర్లకి జబ్బులొచ్చాయి. కొందరి పిల్లలకి పుట్టుకతోనే డిఫెక్ట్స్ ఉన్నాయి. బెకీకి వెన్నెముక పూర్తిగా మూసుకోలేదు, నడవలేదు. సోల్జర్లని టెస్ట్ చేస్తామంటున్నారు గానీ, పిల్లల సంగతి ఎత్తితే గవర్నమెంట్ మాట దాటేస్తోంది. ఇప్పుడు మా స్టేట్ వాళ్ళు ఒక కమిటీ వేశారు. పిల్లల అప్లికేషన్లు కూడా తీసుకోవాలా అని హియరింగ్. నేను డాక్టర్‌గా మాట్లాడాలి."

"ఆ మందువల్లే అని నీకు తెలుసా?"

"ఒట్టేసి చెప్పలేను. కాదని వాళ్ళూ చెప్పలేరు. ముందు ఆ పిల్లల పేర్లు ఎక్కడో ఒకచోట రాసుకుంటే కదా తెలిసేది!"

బెకీకి వచ్చే ఏడాదిలోపు వెన్నుకి ఇంకో ఆపరేషన్ కావాలి. వాళ్ళ నాన్న డేల్ రైలింజన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అక్కడ మనుషుల్ని తగ్గించినప్పుడు ఉద్యోగం పోయింది, దానితోపాటే ఇన్సూరెన్సూ పోయింది. అర్జీ తీసుకుంటే రాష్ట్రం ఆదుకుంటుంది, లేకపోతే లేదు. అంత తిన్నగా ఉంది వ్యవహారం. నేను వెంటనే నా హ్యాండ్‌బ్యాగు సర్దుకున్నాను. అందులో ఎప్పుడూ ఉండేవి రెండు కార్బన్ కాగితాలు, ఒక గుండుసూదుల డబ్బా. వసు ఇంట్లోంచి నేను తీసుకున్నది ఒక్క ఆవకాయ సీసా.

మొదటి రోజు: వ్యాను

డేల్ వ్యాను ఒకప్పుడు ఆకుపచ్చగా ఉండేదట. వెనక తలుపు తీసి రెండు చెక్కలు వాల్చితే బెకీ చక్రాల కుర్చీ దానంతట అదే పైకెక్కినట్టు ఎక్కుతుంది. ఆ చెక్కలు, లోపల కుర్చీ కదలకుండా పట్టే కొక్కేలు అన్నీ డేల్ సొంత తయారీ. మనిషి ఆరడుగుల పైన ఉంటాడు. టోపీ తియ్యడు, మాట పొదుపు. ఆయన భార్య లిండా ఆ పొదుపంతా ఖర్చుపెట్టేస్తుంది. ఎక్కీ ఎక్కగానే నా చీర ఎన్ని గజాలో, పడుకునేటప్పుడు కూడా ఇదే కట్టుకుంటానో లేదో కనుక్కుంది.

బెకీకి పన్నెండేళ్ళు. ముఖం నిండా గోధుమరంగు చుక్కలు, పళ్ళు సరిచేసే తీగ. "హలో సుభద్రా!" అంది.

ఇరవై ఆరేళ్ళ సర్వీసులో కలెక్టరుగారు కూడా నన్ను "సుభద్రమ్మగారూ" అన్నారు గానీ పేరు పెట్టి పిలవలేదు. నా ముఖం చూసి వసు నవ్వాపుకోలేక, "బెకీ, మా వైపు పెద్దవాళ్ళని అలా పిలవరు. 'పెద్దమ్మా' అను" అని నేర్పింది. ఈరీ దాటేలోపు ఆ పిల్ల "పెడ్డమా" అనడం నేర్చుకుంది. ఆ తర్వాత నన్ను పదిసార్లు ఊరికే పిలిచింది. (వీళ్ళతో మాటలన్నీ ఇంగ్లీషులోనే. నాకు అందినంత తెలుగులో చెబుతున్నాను.)

దారిలో తన పుస్తకం ఒకటి చూపించింది. రంగు కాగితాలు, సర్కస్ టిక్కెట్లు అందులో అంటించి పెట్టుకుంది. మధ్య పేజీలో ఒక సర్కారు ఉత్తరం ఉంది. లిండా పిల్ల తరఫున రెండుసార్లు అర్జీ పంపిందట. రెండుసార్లూ ఇదే జవాబు. ఉత్తరం బెకీ పేరనే వచ్చింది. 'మీరు సైన్యంలో పనిచేసినట్టు మా రికార్డుల్లో దాఖలా లేదు' అని.

"చూశావా పెడ్డమా, నేను యుద్ధానికి వెళ్ళలేదని గవర్నమెంట్ రాసిచ్చింది. స్కూల్లో అందరికీ చూపించాను" అంది బెకీ.

నవ్వుతూనే ఆ ఉత్తరం రెండుసార్లు చదివాను. నవ్వొచ్చే సంగతే గానీ, ఆ జవాబు రాసిన గుమాస్తాని నేను తప్పుపట్టలేను. పిల్ల పేరు వచ్చింది, సిపాయిల జాబితాలో వెతికాడు, దొరకలేదు, రాసి పంపేశాడు. తప్పు అర్జీలో ఉందని అప్పుడే అనుమానం వచ్చింది.

పిట్స్‌బర్గ్ కొండ

పిట్స్‌బర్గ్‌లో ఒక ముసలామె నడిపే చిన్న హోటల్లో మధ్యాహ్నం భోజనం. అక్కడ పియరోగీ అని పెట్టారు. చూడ్డానికి అచ్చం కజ్జికాయే. కొరికితే మాత్రం లోపల కొబ్బరీ బెల్లం కాదు, బంగాళాదుంప ముద్ద! నోరు ఒకటనుకుంటే నాలిక మీదికి ఇంకొకటి వచ్చేసరికి నిమిషంపాటు బిత్తరపోయాను. ఆరింటికి రెండు డాలర్లు. ఇరవై రూపాయలు పోసి ఉప్పు కజ్జికాయలు కొన్నానని ఇంటి దగ్గర చెబితే నవ్వుతారని ఆవకాయ సీసా తీశాను. డేల్ ఆ ఎర్రటి నూనెలో ఒకటి ముంచుకుని తిన్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. టోపీ తీసి నుదురు తుడుచుకుని, ఇంకోటి ముంచుకున్నాడు. టోపీ లేని డేల్‌ని లిండాయే చాన్నాళ్ళకి చూసినట్టుంది.

సాయంత్రం ఊరి బయట కొండ మీదున్న వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళాం. ఓహయో నుంచీ న్యూయార్క్ నుంచీ కార్లేసుకుని వచ్చిన తెలుగువాళ్ళతో ఆవరణ కిటకిటలాడుతోంది. కోటు మీద శాలువా కప్పుకున్న పెద్దాయన ఒకాయన, తిరుపతిలో కంటే ఇక్కడే దర్శనం బాగా అవుతుందని నాకు నచ్చజెప్పబోయాడు. డేల్ లోపలికి రాలేదు. బూట్లు విప్పాలనగానే, బయట బల్ల మీద కూర్చుంటానన్నాడు. యుద్ధం నుంచి వచ్చినప్పట్నుంచీ ఆయన పాదాల చర్మం పుండ్లతో పొక్కిపోయి ఉంటుందని, ఎవరి ఎదుటా బూట్లు విప్పడని వసు నా చెవిలో చెప్పింది.

లోపల బెకీ పేరున అర్చన చేయిద్దామని నాకు బుద్ధి పుట్టింది. పూజారి బాపట్ల వైపాయన. పళ్ళెం అందుకుని, "గోత్రం?" అన్నారు.

వసు, "అక్కా, వాళ్ళకి గోత్రాలుండవే" అంది.

"తెలియకపోతే మాది చెప్పండి, భారద్వాజస గోత్రం. పిల్ల అసలు పేరు రెబెకా, తండ్రి పేరు డేల్" అన్నాను. పూజారి ఇలాంటివి ఎన్ని చూశారో, కనురెప్ప కొట్టకుండా మంత్రంలో "రెబెకా నామధేయస్య" అని కలిపేశారు. బెకీ తన పేరు వినపడగానే వీపు నిటారుగా పెట్టుకుని కూర్చుంది.

బయటికొచ్చి పులిహోర తింటున్నప్పుడు లిండా ఆ సంగతి డేల్‌తో చెప్పింది. మీ వంశమేమిటని అడిగారట, తండ్రెవరని అడిగారట, ఎంత బాగుందో అని. డేల్ మూడో పొట్లం పులిహోర తింటున్నవాడల్లా ఆపేశాడు. పొట్లం మడిచి బల్ల మీద పెట్టి, వ్యాను టైర్లు చూసుకోవాలని వెళ్ళిపోయాడు. వాళ్ళ మతం కాని చోట పిల్ల పేరు చదివించినందుకు కోపమొచ్చిందేమో అని నేను రాత్రంతా నొచ్చుకున్నాను.

రెండో రోజు: సోమర్‌సెట్ గుమ్మడికాయలు

పొద్దున్నకి డేల్ మామూలుగానే ఉన్నాడు. కొండల్లో అక్టోబరు ఆకులు ఎర్రగా, పసుప్పచ్చగా మారి ఉన్నాయి. ఆ రంగుల్ని చూడ్డానికే జనం పెట్రోలు తగలేసుకుని వస్తారట. మా వైపు ఆకు పండిందంటే ఊడ్చేవాళ్ళని తిట్టుకుంటాం. నేనూ రెండు ఆకులు ఏరి బెకీ పుస్తకంలో పెట్టాను.

సోమర్‌సెట్ దగ్గర ఒక రైతు పొలం గట్టున గుమ్మడికాయల గుట్ట. మనిషెత్తు గుట్ట పక్కన డబ్బులు వేయడానికి ఒక డబ్బా, మనిషి మాత్రం లేడు. కాయకి డాలరు, మీరే వేసి వెళ్ళండి అని అట్ట మీద రాసుంది. మా సంతలో ఇలా పెడితే మొదట డబ్బా మాయమవుతుందని చెప్పాను. "ఇక్కడా అవుతుంది, కానీ శుక్రవారాలే" అన్నాడు డేల్. ఆయన వేసిన మొదటి జోకు అది. అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను, నిన్నటి కోపం పోయిందన్న సంతోషంతో.

అక్కడే చెక్క బల్ల మీద భోజనాలు ముగించి, నేను కాగితాలు తీశాను. "లిండా, రేపటికి కొత్త అర్జీ నేను రాస్తాను. ఇది నా వృత్తి" అన్నాను. కింద రెండు కార్బన్లు పెట్టి, మూడు కాపీలు పడేలా గట్టిగా నొక్కి రాయడం మొదలెట్టాను. మా ఆఫీసు పద్ధతే. పైన కుడివైపు ఊరు, ఎడమవైపు 'గౌరవనీయులైన అధ్యక్షులవారి సముఖమునకు' అన్న మాటకి సరిపడే ఇంగ్లీషు. బెకీ నా భుజం మీదుగా తొంగిచూసి పడీపడీ నవ్వింది.

"'వినయపూర్వకంగా విన్నవించుకుంటున్నాను' అనా? నేనెప్పుడూ దేన్నీ వినయంగా విన్నవించుకోలేదు!"

"ఇప్పుడు విన్నవించుకో. పైసా ఖర్చు లేదు."

ఆ తర్వాతి వరుస నా చెయ్యి దానంతటదే రాసేసింది. 'దరఖాస్తుదారు: రెబెకా, వయసు పన్నెండు, డేల్ హార్మన్ గారి కుమార్తె'. మా దగ్గర రేషన్ కార్డు నుంచి బస్సు పాసు దాకా తండ్రి పేరు లేని కాగితం ఉండదు. దాని పక్కనే, 'సైన్యంలో తండ్రి నంబరు' అని రాసి ఖాళీ వదిలి, "డేల్, మీ నంబరెంత?" అని అడిగాను.

తలెత్తి చూస్తే డేల్ ఆ వరుసనే చూస్తున్నాడు. నిన్న పులిహోర పొట్లం మడిచినట్టే చేతిలో కాగితం గ్లాసుని మడిచాడు. లేచి గుమ్మడికాయల వైపు నడిచాడు. ఒక్కొక్కటీ ఎత్తి బరువు చూస్తున్నాడు, కొనే ఉద్దేశం లేకుండా.

లిండా మొదటిసారి గొంతు తగ్గించి మాట్లాడింది. "నా రెండు అర్జీల్లోనూ అదే రాయనివ్వలేదు. తన పేరు వద్దన్నాడు, నంబరు వద్దన్నాడు. పిల్ల పేరుతోనే పంపు, చాలన్నాడు. ఎందుకని అడిగితే బయటికి వెళ్ళిపోతాడు."

ఆ కంగారులో నా మోచెయ్యి తగిలి ఆవకాయ సీసా ఒరిగింది. నూనె మూడో కాపీ మూలన ఇంకి, అరచేయంత మరక పడింది. అందరం కలిసి కాగితాలతో అద్దాం గానీ ఆ మరక పోలేదు, ఇప్పటికీ ఉంది.

బ్రీజ్‌వుడ్ పెట్రోలు బంకు

ఆ దేశంలో పెట్రోలు ఎవరిది వాళ్ళే పోసుకోవాలి. బ్రీజ్‌వుడ్‌లో డేల్ గొట్టం పట్టుకుని నిలబడి ఉంటే నేను దిగి దగ్గరికి వెళ్ళాను. "మిమ్మల్ని నొప్పించాను, డేల్. అది మా ఆఫీసు అలవాటు. చెరిపేస్తాను" అన్నాను.

ఆయన నన్ను కాక తిరుగుతున్న అంకెల్ని చూస్తూ మాట్లాడాడు. "నేను అడవిలో కూడా లేను మేడమ్. క్యాంపులో ఉన్నాను. కంచె చుట్టూ గడ్డి పెరగకుండా ఆ మందు కొట్టడం నా పని. నారింజ రంగు పట్టీ ఉన్న పీపాలు. చొక్కా తడిసిపోయేది, ఎండలో చల్లగా ఉందనుకునేవాణ్ణి. ఖాళీ పీపాలు కోసి నీళ్ళు నింపుకుని స్నానాలు చేశాం." గొట్టం ఇంకో చేతికి మార్చుకున్నాడు. "ఆ వరుసలో నా నంబరు రాస్తే, బెకీకి ఇది నేనే చేశానని సంతకం పెట్టినట్టు."

నాకు తెలిసిన మాట ఒక్కటే అన్నాను. "నేను ఆ వరుస కొన్ని వేలసార్లు రాసుంటాను. అది ఎవరి తప్పో రాసుకునే చోటు కాదు. ఎవరి పిల్లో రాసుకునే చోటు."

డేల్ గొట్టం తగిలించి, మూత బిగించి, "ఇంజనాయిల్ కూడా చూడాలి" అని ముందుకి వెళ్ళాడు. నా ఉపన్యాసానికి దక్కిన ఫలితం అదీ అనుకుంటూ వ్యానెక్కాను.

సొరంగాలు

బ్రీజ్‌వుడ్‌కి ముందే ఆ రోడ్డు మీద ఒక సొరంగం దాటి వచ్చాం. తర్వాత ఇంకో మూడున్నాయి. సొరంగం మొదలు నుంచి చివరి దాకా ఊపిరి బిగబడితే కోరుకున్నది జరుగుతుందని అక్కడి పిల్లల నమ్మకం. మొదటిదానికి బెకీ ఆయత్తంగా లేనంది గనక రెండోదాని నుంచి పందెం. నేను పాతిక అంకెలు లెక్కపెట్టేసరికి ఊపిరి వదిలేశాను. లిండా అయిదు కూడా కాకుండానే మాట్లాడేసింది. వసు డాక్టరు గనక అసలు ఇవన్నీ మంచివి కావని సలహా ఇచ్చింది, తర్వాత చూస్తే దాని బుగ్గలూ ఉబ్బే ఉన్నాయి. బెకీ మాత్రం ఎర్రగా కందిపోయి, కుర్చీ పిడి పట్టుకుని చివరి దాకా బిగబట్టింది.

"ఏం కోరుకున్నావు?"

"చెబితే జరగదు పెడ్డమా. ఈమాత్రం తెలీదా?"

మూడోది దాటి ఊపిరి పీల్చుకుంటుండగానే నాలుగోది నోరు తెరిచింది. రెండింటి మధ్యా గట్టిగా అయిదారు వందల అడుగుల వెలుతురు. ఈసారి ఎవరూ పందెం కాయలేదు. లిండా నా మోకాలు గిల్లి ముందుకి చూడమని సైగ చేసింది. స్టీరింగు ముందున్న అద్దంలో డేల్ ముఖం కనపడుతోంది. దవడ బిగించి, పెదాలు మూసుకుని, ఊపిరి పట్టి నడుపుతున్నాడు. అవతల వెలుతురులోకి వచ్చాక బుస్సుమని వదిలాడు. మేము చూడనట్టే కూర్చున్నాం.

మూడో రోజు: హారిస్‌బర్గ్

హారిస్‌బర్గ్ పక్కన సస్కుహానా నది. వెడల్పులో మా గోదావరికి చెల్లెలి వరసే, లోతు మాత్రం మోకాలి దాకా వచ్చి సరిపెట్టుకున్నట్టుంటుంది. శాసనసభ భవనానికి పచ్చటి పెంకుల గోపురం. లోపల పాలరాతి మెట్లు ఎన్నో ఉన్నాయి గానీ చక్రాల కుర్చీకి దారి ఒక్కటే. అదీ వెనకవైపు, చెత్త బండ్లు వచ్చే ద్వారం పక్కన. దాన్ని వెతకడానికి భవనం చుట్టూ ఒకసారి ప్రదక్షిణం చేశాం. చలికి నా మడమలు బిగుసుకుపోయాయి.

అర్జీలు తీసుకునే బల్ల దగ్గర నాలాంటి ఆవిడే ఒకామె కూర్చుంది. అరవై దగ్గర పడ్డ వయసు, మెళ్ళో గొలుసుకి వేలాడే కళ్ళజోడు, చేతికందేటట్టు మూడు రబ్బరు స్టాంపులు. నాకు ప్రాణం లేచొచ్చింది. మూడు కాపీలు ముందు పెట్టాను.

ఆమె కళ్ళజోడు పెట్టుకుని చదివింది. 'వినయపూర్వకంగా' దగ్గర ఒక కనుబొమ్మ లేచింది. "పిల్లల అర్జీలకి విడిగా ఫైలు లేదు. తీసుకోవాలో వద్దో తేల్చడానికే ఈవేళ ఈ విచారణ."

"అందుకే తండ్రి పేరు రాశాను. తండ్రికి ఫైలుంది కదా, అందులో పెట్టండి" అన్నాను.

ఆమె కలం చివర ఆ వరుస మీదికి వెళ్ళి ఖాళీ దగ్గర ఆగింది. "బాగుంది. కానీ నంబరు లేకపోతే ఏ ఫైల్లో పెట్టను? సిపాయి నంబరు చెప్పండి."

వసు నా చెయ్యి పట్టుకుంది. లిండా నేల చూసింది. మా వెనక వరుసలో నిలబడ్డవాళ్ళు దగ్గుతున్నారు. అంత దూరం వచ్చాం గానీ ఆ ఖాళీ నింపగలిగేది ఒక్క మనిషే. ఆ మనిషి టోపీ అంచు పట్టుకుని గోడ వైపు చూస్తున్నాడు. ఏ ముహూర్తాన ఆ వరుస రాశానో అని నన్ను నేనే తిట్టుకున్నాను.

అప్పుడు బెకీ కుర్చీ ఇటు తిప్పింది. అంతసేపూ నవ్వుతూ ఉన్న పిల్ల గొంతు చిన్నబోయింది. "నాన్నా, నా పేరు పక్కన నీ పేరుండటం నీకు ఇష్టం లేదా?"

డేల్ టోపీ తీసేశాడు. సిపాయికిలాగా మడమలు దగ్గరికి వచ్చాయి. ఇన్నేళ్ళూ నాలిక చివరే పెట్టుకున్నట్టు, ఆ నంబరు మొత్తం ఒకే ఊపిరిలో అప్పజెప్పాడు. బల్ల దగ్గరామె మూడు కాపీల్లోనూ రాసుకుంది. నాకు కళ్ళు మసకబారి అంకెలు కనపడలేదు.

ఆమె స్టాంపు తీసి మొదటి కాగితం మీద కొట్టింది. నేను మిగతా రెండూ జరిపాను.

"మూడింటి మీదా కావాలా?"

"ఒకటి మీకు, ఒకటి వాళ్ళకి, ఒకటి నాకు."

"మీకెందుకు?"

"మీ దగ్గరా వాళ్ళ దగ్గరా పోతే నా దగ్గర ఉంటుంది."

ఆమె కళ్ళజోడు పైనుంచి నన్ను, నా చీరని, నా హ్యాండ్‌బ్యాగుని చూసింది. "మీదే ఆఫీసు?"

"అమలాపురం తాలూకా ఆఫీసు. తూర్పుగోదావరి జిల్లా."

"ఎన్నేళ్ళు?"

"ఇరవై ఆరు."

"నాకు ముప్ఫై ఒకటి" అని, బల్ల అదిరేటట్టు మిగతా రెండింటి మీదా స్టాంపు కొట్టింది. ఆవకాయ మరక గురించి ఏమీ అడగలేదు.

మధ్యాహ్నం పెద్ద హాల్లో విచారణ. వసు మాట్లాడింది. ఇంట్లో నాతో అన్నట్టే, ఒట్టేసి చెప్పలేనని, కాదని మీరూ చెప్పలేరని, ముందు పేర్లు రాసుకోమని అంది. మైకు ముందున్నతను చేతిలో చీటీ చూసి తర్వాతి పేరు పిలిచాడు. మేం రాసిచ్చినట్టే చదివాడు. "రెబెకా, డేల్ హార్మన్ కుమార్తె."

"ఉన్నాం" అంటూ డేల్ లేచాడు. చక్రాల కుర్చీని తోసుకుంటూ మైకు దాకా నడిచాడు. "నేను డేల్ హార్మన్‌ని. ఈ అమ్మాయి తండ్రిని" అని మొదలుపెట్టాడు. పీపాల సంగతి, తడిసిన చొక్కా సంగతి, స్నానాల సంగతి, పెట్రోలు బంకులో నాతో చెప్పిన మాటలే అక్కడ నూరుమంది ఎదుట చెప్పాడు. లిండా నా పక్కన కూర్చుని, పెళ్ళయ్యాక ఆయన ఇంతసేపు మాట్లాడగా వినడం ఇదే మొదటిసారని ఏడుస్తూ నవ్వింది.

అమలాపురం

నేను తిరిగొచ్చిన నాలుగు నెలలకి లిండా ఉత్తరం రాసింది. పిల్లల అర్జీలు తండ్రుల ఫైళ్ళలో చేర్చి తీసుకోవడానికి కమిటీ ఒప్పుకుందట. అసలు కారణం తేల్చే పని ఇంకా ఎంతకాలమో తెలియదుగానీ, బెకీ పరీక్షలూ ఆపరేషనూ రాష్ట్రమే చూసుకుంటుందని కాగితం వచ్చిందట. ఆపరేషన్‌కి తారీకు కూడా ఇచ్చారు. డేల్ కూడా తన పాదాలు వసు ఆసుపత్రిలో ఎవరికో చూపించుకుంటున్నాడు, బూట్లు విప్పుకుని. ఆవకాయ అయిపోయిందని కూడా రాసింది. మా హెడ్డు గుమాస్తాగారికి ఉత్తరం చదివి వినిపిస్తే, ఆయన అర్జీ అందినట్టు వేసే ఇన్‌వర్డ్ నంబరు ఏదని అడిగారు. బీరువాలోంచి మరక పడిన నా కాపీ తీసి చూపించాను.

ఉత్తరం చివర బెకీ గురించి రెండు వాక్యాలున్నాయి. ఇప్పుడు స్కూలు నోటుపుస్తకాల మీద, లైబ్రరీ కార్డు మీద, సైకిల్ పందెం చూడ్డానికి కొన్న టిక్కెట్టు వెనక కూడా, 'రెబెకా, డేల్ హార్మన్ కుమార్తె' అని రాసుకుంటోందట. అక్కడ ఎవరూ అడగరని చెప్పినా వినడం లేదట.